వీధిబడిలో ధారణ, అవగాహన: 1823 నాటి బళ్ళారి నివేదిక - చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

తెలుగునాట ఆధునిక పాఠశాలలు రాకముందు వీధిబడి ప్రాథమిక విద్యకు ప్రధాన ఆధారంగా ఉండేది. వీధిబడి చదువు అర్థంలేని బట్టీయం అన్న అభిప్రాయం ఒకవైపు, అది లోపరహితమైన స్వదేశీ వ్యవస్థ అన్న అభిప్రాయం మరొకవైపు నేటికీ వినిపిస్తున్నాయి. ఈ రెండు వాదాలకూ ఆధారంగా చూపే పత్రం ఒక్కటే. అది 1823లో బళ్ళారి కలెక్టరు ఎ.డి. క్యాంబెల్ మద్రాసు ప్రభుత్వానికి సమర్పించిన నివేదిక. ఆ నివేదికలో కనిపించే బోధనాపద్ధతులను ధారణ, అవగాహన అనే రెండు దృష్టికోణాల నుంచి పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం. ధారణకు తోడ్పడే పద్ధతులు వీధిబడిలో బలంగా ఉన్నాయని, అవగాహన కుంటుపడటానికి కంఠస్థం చేయించడం కంటే పాఠ్యభాషకూ వ్యవహారభాషకూ మధ్య ఏర్పడిన దూరమే ముఖ్యకారణమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: వీధిబడి, ధారణ, అవగాహన, గుణింతం, ఎక్కాలు, మద్రాసు పద్ధతి, క్యాంబెల్, మన్రో, గిడుగు రామమూర్తి, వ్యావహారిక భాష.

1. ఉపోద్ఘాతం

చదువు నోటికి రావడం వేరు, తలకెక్కడం వేరు అన్న భేదాన్ని తెలుగువారు చాలాకాలంగా గుర్తిస్తూనే ఉన్నారు. నోటికి వచ్చినదంతా అర్థమైనట్లు కాదు. అర్థమైనదంతా కాలాంతరంలో గుర్తుండాలన్న నియమమూ లేదు. తరగతి గదిలో ఉపాధ్యాయుడు అనుసరించే ఏ ఉపాయమైనా ఈ రెండింటినీ ఎంతవరకు కలపగలుగుతున్నదన్న ప్రశ్నకు జవాబు చెప్పవలసి ఉంటుంది.

తెలుగుదేశపు విద్యాచరిత్రలో ఈ ప్రశ్నను లిఖితరూపంలో స్పష్టంగా లేవనెత్తిన తొలి పత్రాలలో క్యాంబెల్ నివేదిక ఒకటి. విశేషమేమంటే, ఆయన ఒకే నివేదికలో వీధిబడి పద్ధతిని మెచ్చుకున్నాడు, అదే బడి ఫలితాన్ని తీవ్రంగా విమర్శించాడు. తరువాతి రచయితలు తమకు అవసరమైన భాగాన్ని గ్రహించి రెండవ భాగాన్ని విడిచిపెట్టారు. ఈ రెండు భాగాలనూ కలిపి చదివినప్పుడే ఆనాటి తరగతి గది స్వరూపం తెలుస్తుంది.

2. నివేదిక నేపథ్యం

సర్ థామస్ మన్రో 1820 నుంచి 1827 వరకు మద్రాసు గవర్నరుగా పనిచేశాడు. రాజధానిలోని విద్యాస్థితిని గురించి ప్రభుత్వం వద్ద విశ్వసనీయమైన సమాచారం లేదని గుర్తించి, 1822 జూన్ 25న ఒక అధికారిక లేఖనం ద్వారా జిల్లాల వారీగా వివరాలు సేకరించాలని ఆయన ప్రతిపాదించాడు. కలెక్టర్లు పంపిన సమాచారాన్ని క్రోడీకరించి 1826 మార్చి 10న మరొక లేఖనం రాశాడు. దాని ప్రకారం రాజధాని మొత్తం జనాభా 1,28,50,941, బడులు 12,498. అంటే సుమారు వెయ్యిమంది జనాభాకు ఒక బడి. ఇళ్ళలో చదువుకునేవారిని కూడా లెక్కలోకి తీసుకుంటే బడి ఈడు బాలురలో సుమారు మూడవవంతు ఏదో ఒక రీతిలో చదువుకుంటున్నారని ఆయన అంచనా వేశాడు. ఉపాధ్యాయుని రాబడి నెలకు ఆరేడు రూపాయలకు మించడం లేదని, అంత తక్కువ రాబడికి సమర్థులు ఆ వృత్తిలోకి రారని కూడా పేర్కొన్నాడు. ఈ పత్రాలను ధరంపాల్ 1983లో తన గ్రంథంలో సంకలనం చేసి ప్రచురించిన తరువాత వీటిపై చర్చ విస్తృతమైంది.

ఈ కలెక్టర్ల సమాధానాలలో అధికభాగం పట్టికలకే పరిమితమైంది. బడిలో ఏం జరుగుతున్నదో వివరంగా రాసినవారిలో క్యాంబెల్ ముఖ్యుడు. ఆయన నివేదిక తేదీ 1823 ఆగస్టు 17. ఆయన కేవలం రెవెన్యూ అధికారి కాదు. 1816లో తెలుగు వ్యాకరణాన్ని, 1821లో తెలుగు నిఘంటువును ఆంగ్లంలో వెలువరించిన భాషావేత్త. అందుచేత బడిలో భాషను ఎలా నేర్పుతున్నారన్న విషయంపై ఆయన పరిశీలనకు ప్రత్యేకమైన విలువ ఉంది.

నాటి బళ్ళారి జిల్లా నేటి అనంతపురం ప్రాంతాన్ని కూడా కలుపుకొని ఉండేది. అనంతపురం 1882లో ప్రత్యేక జిల్లా అయింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు 1953 వరకు బళ్ళారిలోనే కొనసాగాయి. అందువల్ల ఈ నివేదిక రాయలసీమ విద్యాచరిత్రకూ మూలపత్రమే. జిల్లాలో మొత్తం 533 విద్యాస్థానాలు ఉన్నట్లు క్యాంబెల్ నమోదు చేశాడు. వాటిలో కన్నడం నేర్పేవి 235, తెలుగు నేర్పేవి 226, మరాఠీ 23, పారసీ 21, తమిళం 4, ఆంగ్లం 1. ఇవికాక బ్రాహ్మణ విద్యార్థులకు మాత్రమే ప్రవేశమున్న శాస్త్రవిద్యా స్థానాలు 23. విద్యార్థుల సంఖ్య 6,641. సగటున బడికి పన్నెండుమంది.

విద్యార్థులలో బ్రాహ్మణులు 1,185, వైశ్యులు 981, శూద్రులు 2,998, ఇతర కులాలవారు 1,174, మహమ్మదీయులు 243మంది. ఈ అంకెలన్నీ బాలురవి. బాలికలు కేవలం 60మంది. వీధిబడి ఒక్క కులానికే పరిమితం కాదని ఈ లెక్క చెబుతుంది. బాలికలకు దాదాపు మూసి ఉన్నదనీ ఇదే లెక్క చెబుతుంది. జిల్లా జనాభాలో వెయ్యికి సుమారు ఏడుగురు మాత్రమే బడిలో ఉన్నారు. కనుక బోధనాపద్ధతి గుణదోషాలను చర్చించేటప్పుడు అది ఎంత కొద్దిమందికి అందిందో మరువరాదు.

3. వీధిబడి బోధనాక్రమం

3.1 అక్షరాభ్యాసం, బడి ఆరంభం

బాలునికి ఐదవ ఏడు రాగానే చదువు మొదలయ్యేది. గురువును, బడిపిల్లలను ఇంటికి పిలిచి, వినాయకుని ప్రతిమ చుట్టూ అందరినీ కూర్చోబెట్టి, బాలునిచేత ప్రార్థన చేయించి, బియ్యంలో వేలితో దైవనామం రాయించేవారు. కొత్త విద్యార్థి తొలిరోజే తోటి పిల్లల నడుమ కూర్చుని తొలి అక్షరం రాయడం ఈ తంతులో గమనించదగిన అంశం. చదువు ఒంటరి వ్యవహారం కాదన్న భావన అక్కడే మొదలయ్యేది.

బడి ఉదయం ఆరు గంటలకు తెరిచేవారు. మొదట వచ్చిన బాలుని అరచేతిపై సరస్వతి పేరు, రెండవవాని చేతిపై సున్న రాసేవారు. మూడవవానికి ఒక దెబ్బ, నాలుగవవానికి రెండు, ఆపై వచ్చినవారికి వరుసగా ఒక్కొక్కటి పెరిగేది. బద్ధకించిన పిల్లలను చేతులు కట్టి ఇంటి కప్పునుంచి వేలాడదీయడం, అదేపనిగా కూర్చుని లేవమనడం వంటి శిక్షలను కూడా క్యాంబెల్ వర్ణించాడు. తెలుగునాట ‘కోదండం’, ‘గుంజిళ్ళు’ అన్న పేర్లతో తరతరాలు గుర్తుంచుకున్న శిక్షలివి. ఈ బడిని ఆదర్శంగా చూపేవారు ఈ పార్శ్వాన్ని దాటవేయడం చరిత్రకు న్యాయం కాదు. భయం హాజరును తెచ్చిపెట్టవచ్చు, అవగాహనను తెచ్చిపెట్టదు.

3.2 ఇసుక నుంచి కడితం వరకు

అక్షరాలను ముందు నోటితో వల్లింపజేసి తరువాత రాయించడం ఐరోపా పద్ధతి. వీధిబడిలో అక్షరాన్ని ఇసుకలో వేలితో రాస్తూ నేర్చుకునేవారని క్యాంబెల్ ప్రత్యేకంగా పేర్కొన్నాడు. తెలుగులో ‘గుంట ఓనమాలు’ అన్న మాట ఈ అభ్యాసానికి గుర్తుగా నిలిచింది. వేలు, కన్ను, చెవి మూడూ ఒకే అక్షరంపై పనిచేయడం ఇందులోని మేలు. తప్పు జరిగితే అరచేతితో ఇసుకను సరిచేసి మళ్ళీ రాయవచ్చు. తప్పుకు ఖర్చు లేదు, గుర్తు మిగలదు.

వేలు కుదిరిన తరువాత బాలునికి తాటాకుపై గంటంతోనో, కాగితంపై రెల్లుకలంతోనో, పలకపైనో, కడితంపైనో రాసే అర్హత వచ్చేది. పలక అంటే మూడడుగుల పొడవు, అడుగు వెడల్పు గల చెక్క. దానికి బొగ్గుపొడిని అన్నంతో కలిపి పూసేవారు. కడితం అంటే గంజిపెట్టిన గుడ్డను పుస్తకంలా మడతలు పెట్టి, బొగ్గును జిగురుతో కలిపి పూసినది. రెండింటిపైనా బలపంతో రాసి తడిగుడ్డతో చెరిపివేయవచ్చు. ఈ సామగ్రి అంతా చౌకైనది, స్థానికంగా దొరికేది, ఎన్నిసార్లయినా వాడుకోదగినది. అభ్యాసం పదేపదే జరగాలంటే రాసే వస్తువు ఖరీదైనది కాకూడదన్న ఇంగితం ఈ ఎంపికలో ఉంది.

3.3 వర్ణం నుంచి పేరుకు

అక్షరాలు పట్టుబడిన తరువాత హల్లులకు అచ్చుల గుర్తులు చేర్చడం, అనంతరం మనుషుల పేర్లు, ఊళ్ళ పేర్లు, జంతువుల పేర్లు రాయడం ఆనాటి క్రమం. ఈ క్రమంలో గుణింతానికి ఉన్న స్థానం గమనార్హం. తెలుగు లిపిలో వందలకొద్దీ రూపాలున్నా విద్యార్థి వాటిని విడివిడిగా గుర్తుంచుకోనక్కరలేదు. హల్లు ఒకటి, అచ్చుగుర్తు ఒకటి. ఈ రెండింటి కలయిక తెలిస్తే మిగిలినవి తామే వస్తాయి. తలకట్టు, దీర్ఘం, గుడి, గుడిదీర్ఘం, కొమ్ము వంటి పేర్లు ఆ గుర్తుల ఆకారాన్ని కంటిముందు నిలబెడతాయి. కాబట్టి గుణింతం పైకి వల్లింపులా కనిపించినా లోపల ఒక సూత్రం. ‘క’కు నేర్చిన దాన్ని ‘గ’కు అన్వయించగల బాలుడు కంఠస్థాన్ని దాటి అవగాహనలోకి అడుగుపెట్టినట్లే.

అక్షరాల తరువాత నీతివాక్యాలకు గాని పద్యాలకు గాని పోకుండా, బాలునికి ఇదివరకే తెలిసిన పేర్లను రాయించడం మరొక మంచి అంశం. తన ఊరి పేరు, ఇంటిలోని పశువు పేరు రాయగలిగినప్పుడు అక్షరానికీ అర్థానికీ మధ్య సంబంధం వెంటనే తెలుస్తుంది.

3.4 ఎక్కాలు, భిన్నాలు

గణితంలో ముందు కూడిక పట్టిక, నూరు వరకు అంకెలు. తరువాత డబ్బు లెక్కలలో కూడికలు, తీసివేతలు, గుణకారాలు. ఆపై కొలతలు, తూనికలు. అన్నిటికంటె ఎక్కువ శ్రమ భిన్నాలపై పెట్టేవారని క్యాంబెల్ రాశాడు. ఈ భిన్నాలు పదులతో కాక నాలుగులతో భాగింపబడుతూ దిగుతాయి. ఒకటిలో నాలుగవవంతు కాలు; కాలులో కాలు వీసం, అంటే పదహారవ వంతు; ఇలా ఇంకా కిందికి సాగుతుంది. తెలుగులో ఈ నాలుగుల భిన్నాలకు ప్రత్యేక చిహ్నాలు ఉండేవి. అవి వాడుకలోంచి తప్పుకున్నా 2008లో యూనికోడ్ ప్రమాణంలో తెలుగు లిపి భాగంగా చోటు పొందాయి.

ఈ భిన్నాలు, ఎక్కాలు, కొలతల పట్టికలు మనసుకు పట్టడానికి విద్యార్థులను రోజుకు రెండుసార్లు వరుసలలో నిలబెట్టి, పెద్ద విద్యార్థి ఒకడు చెప్పగా అందరిచేత చెప్పించేవారు. ఇక్కడ రెండు విషయాలను వేరుచేసి చూడాలి. ఒకటి, పట్టికను కంఠస్థం చేయించడం. రెండు, ఆ పట్టికను అదే దినం డబ్బు లెక్కలో, ధాన్యపు కొలతలో వాడించడం. వల్లించినది వెంటనే వినియోగంలోకి రావడంవల్ల ఎక్కం ఉత్త శబ్దంగా మిగిలిపోలేదు. అంగడిలో లెక్క తప్పితే తెలిసిపోతుంది; బాలుడు నేర్చినది నిజమో కాదో చెప్పడానికి గురువే అవసరం లేదు.

3.5 నేర్చినవాడు నేర్పడం

బడిని సాధారణంగా నాలుగు తరగతులుగా విభజించేవారు. కింది తరగతులను కొంతమేరకు పెద్ద విద్యార్థులు చూసుకునేవారు. పైతరగతులు నేరుగా గురువు కింద ఉండేవి. గురువు దృష్టి మాత్రం బడి మొత్తంపై ఉండేది. ఒక తరగతి నుంచి మరొక తరగతికి పోవడానికి సంవత్సరం ముగియనక్కరలేదు. బాలుని శక్తి, ప్రగతి చాలు. ముందున్నవారు వెనుకనున్నవారికి నేర్పుతూ ఆ ప్రయత్నంలో తమ జ్ఞానాన్ని కూడా దృఢపరచుకోవడం మెచ్చదగినదని, ఇంగ్లండు ఈ పద్ధతిని అనుకరించడం సముచితమేనని క్యాంబెల్ అభిప్రాయం.

ఈ అభ్యాసం 1823 నాటికి కొత్తది కాదు. 1623లో దక్షిణ భారతంలో పర్యటించిన ఇటలీ యాత్రికుడు పియెత్రో దెల్లా వల్లె కన్నడ ప్రాంతంలో ఒక గుడి మంటపంలో నలుగురు బాలురు ఇసుకలో అంకెలు రాస్తూ, రాగంతో చదువుతూ లెక్కలు నేర్చుకోవడం చూశాడు. గురువు లేకుండా తప్పును ఎవరు దిద్దుతారని ఆయన అడిగాడు. నలుగురూ ఒకేచోట ఒకే తప్పు చేయడం జరగదు కనుక ఒకరిని ఒకరు దిద్దుకుంటామని పిల్లలు సమాధానమిచ్చారు. సహాభ్యసనానికి ఇంతకంటే సూటియైన సమర్థన దొరకదు.

3.6 పత్రాలు చదవడం

పైతరగతులవారికి గురువు రకరకాల చేతివ్రాతలతో ఉన్న అధికార పత్రాలను, ఉత్తరాలను సేకరించి తెచ్చి చదివించేవాడు. ఉత్తరాలు, ఒప్పంద పత్రాలు రాయడం నేర్పేవాడు. ఇది కేవలం ధారణతో సాధ్యమయ్యే పని కాదు. ముందెన్నడూ చూడని పత్రాన్ని, అపరిచితమైన చేతివ్రాతను చదివి సారాంశం గ్రహించాలి. వీధిబడిలో అవగాహనకు గట్టి పరీక్ష ఇదే. బట్టీయం గురించిన విమర్శలలో ఈ అంశం ప్రస్తావనకు రాకపోవడం ఒక లోపం.

4. పదజాలంలో మిగిలిన బోధనాశాస్త్రం

వీధిబడి గురువులు బోధనపై సిద్ధాంతగ్రంథాలు రాయలేదు. కాని వారి ఆచరణ తెలుగు పదజాలంలో నిక్షిప్తమై ఉంది. ‘దిద్దు’ అన్న క్రియకు తప్పును సవరించడం అనీ, రాసి ఉన్న అక్షరంపై మళ్ళీ మళ్ళీ రాయడం అనీ రెండు అర్థాలున్నాయి. రాయడమే సవరించుకోవడం అన్న భావన ఆ ఒక్క క్రియలో ఇమిడి ఉంది. గురువు పైన రాసిపెట్టిన మాదిరి ‘ఒరవడి’, ‘ఒజ్జబంతి’. ఈ రెండూ తరువాత ఆదర్శం అన్న అర్థానికి విస్తరించాయి.

వేదపాఠశాలల్లో గురువు చెప్పగా శిష్యుడు తిరిగి చెప్పడాన్ని ‘సంత’ అంటారు. నేర్చినదాన్ని పదేపదే ఉచ్చరించడం ‘వల్లె వేయడం’. పుస్తకం మూసి గురువు ఎదుట చెప్పడం ‘అప్పజెప్పడం’. ఈ మూడింటి మధ్య భేదం సూక్ష్మమైనది కాని ముఖ్యమైనది. సంతలో వినికిడి ప్రధానం, వల్లెలో ఆవృత్తి ప్రధానం, అప్పజెప్పడంలో జ్ఞాపకంలోంచి వెలికితీయడం ప్రధానం. ఎవరో ఇచ్చిన వస్తువును భద్రంగా తిరిగి ఇచ్చినట్లు పాఠాన్ని తిరిగి అప్పగించాలన్నది ఆ మాటలోని భావం.

వేదాధ్యయనంలో పద, క్రమ, జట, ఘన పాఠాలు ఈ దృష్టితో చూడదగినవి. క్రమపాఠంలో మొదటి పదాన్ని రెండవదానితో, రెండవదాన్ని మూడవదానితో జతపరుస్తారు. జటలో ఆ జంటను ముందుకు, వెనుకకు, మళ్ళీ ముందుకు చెబుతారు. ఘనలో మూడు పదాలు ఈ విధంగా కలుస్తాయి. ఒక పదం జారినా, వరుస మారినా వెంటనే తెలిసిపోతుంది. ఇది పాఠరక్షణకు పుట్టిన పద్ధతి. అర్థబోధ దాని లక్ష్యం కాదు. ఒక ప్రయోజనానికి రూపొందిన పద్ధతిని మరొక ప్రయోజనం నెరవేర్చలేదని నిందించడం సరికాదు. అయితే ఆ పద్ధతి ఛాయలు అన్ని చదువులపైనా పడినప్పుడు అర్థం వెనుకబడే ప్రమాదం ఉందన్నది కూడా కాదనలేని సత్యం.

5. క్యాంబెల్ విమర్శ: లోపం ఎక్కడ?

క్యాంబెల్ దృష్టిలో వీధిబడి ముఖ్యదోషాలు రెండు: పాఠ్యగ్రంథాల స్వభావం, సమర్థులైన గురువుల కొరత. రామాయణ, భారత, భాగవతాలు అన్ని కులాల విద్యార్థులూ చదివేవారు. ఇవి పద్యరూపంలో, మాట్లాడే భాషకూ వ్యవహారానికీ దూరమైన భాషలో ఉండేవి. బాలుడు లెక్కలేనన్ని పద్యాలు పొల్లుపోకుండా చెప్పగలడు. అర్థం అడిగితే మాత్రం చిలుక పలుకే. చాలా సందర్భాలలో గురువుకే అర్థం తెలియదని ఆయన ఫిర్యాదు. పద్యాలు నేర్పడంలో ఉద్దేశం ఉచ్చారణ స్పష్టత, ధారాళంగా చదవగలగడం మాత్రమేనని కూడా ఆయన గుర్తించాడు.

ఈ విమర్శను జాగ్రత్తగా చదవాలి. ఎక్కాలు కంఠస్థం చేయించడాన్ని క్యాంబెల్ తప్పుపట్టలేదు. ఇసుకలో రాయించడాన్ని, పిల్లలచేత పిల్లలకు నేర్పించడాన్ని మెచ్చుకున్నాడు. ఆయన ఆక్షేపణ అంతా భాషకు సంబంధించినది. లెక్కలో వల్లింపు వినియోగంతో ముడిపడింది కనుక ఫలించింది. పద్యంలో వల్లింపునకు అర్థంతో ముడి తెగింది కనుక శబ్దంగా మిగిలింది. ఒకే బడి, ఒకే గురువు, ఒకే పద్ధతి; ఫలితాలు మాత్రం రెండు. అందువల్ల లోపం కంఠస్థంలో లేదు, కంఠస్థం చేసినదానిని విద్యార్థి జీవితంతో కలిపే వంతెన లేకపోవడంలో ఉంది.

క్యాంబెల్ ఒక వలసపాలనాధికారి అన్న విషయాన్ని కూడా దృష్టిలో ఉంచుకోవాలి. పురాణేతిహాసాలకు గ్రామజీవితంలో బడి వెలుపల ఉన్న ఉనికి ఆయన లెక్కలోకి రాలేదు. బడిలో అర్థం తెలియకుండా నేర్చిన పద్యం తరువాత పురాణ కాలక్షేపంలోనో, తోలుబొమ్మలాటలోనో, వీధినాటకంలోనో వినిపించినప్పుడు అర్థవంతమయ్యే అవకాశం ఉండేది. వేమన పద్యాలవంటి సులభమైన రచనలకు ఈ అంతరం అసలే తక్కువ. అయినా అర్థబోధను బడి తన బాధ్యతగా స్వీకరించలేదన్న మూలవిమర్శ నిలుస్తుంది.

అదే సమయంలో బడులు క్షీణించడానికి కారణం ప్రజల ఆర్థికదుస్థితి అని క్యాంబెల్ నిర్మొహమాటంగా రాశాడు. ఐరోపా వస్త్రాల రాకతో దేశీయ నేతపని దెబ్బతిన్నది. పేదకుటుంబాలకు పిల్లల చేతికష్టం అవసరమైంది. జిల్లాలోని 533 విద్యాస్థానాలలో ఒక్కటికి కూడా ప్రభుత్వసహాయం లేకపోవడాన్ని ఆయన సిగ్గుపడవలసిన విషయంగా పేర్కొన్నాడు. గురువు అసమర్థత గురించిన విమర్శను నెలకు ఆరేడు రూపాయల రాబడి పక్కన పెట్టి చదవాలి.

6. మద్రాసు పద్ధతి: దాటిపోయిన దేమిటి, మిగిలిపోయిన దేమిటి?

క్యాంబెల్ ప్రస్తావించిన అనుకరణకు మూలపురుషుడు ఆండ్రూ బెల్. స్కాట్లాండుకు చెందిన ఈ మతాచార్యుడు 1787లో మద్రాసు చేరి, 1789 నుంచి 1796 వరకు ఎగ్మూరులోని సైనిక అనాథ బాలుర ఆశ్రమాన్ని పర్యవేక్షించాడు. నగరంలోని ఒక తమిళ వీధిబడిలో పిల్లలు ఇసుకలో అక్షరాలు రాయడం చూసి, తన ఆశ్రమంలో ఆ పద్ధతిని ప్రవేశపెట్టబోయాడు. ఉపాధ్యాయుడు సహకరించకపోవడంతో ఆ పనిని ఎనిమిదేళ్ళ బాలుడు జాన్ ఫ్రిస్కెన్‌కు అప్పగించాడు, ప్రయత్నం ఫలించింది. ఈ అనుభవాన్ని 1797లో లండనులో పుస్తకంగా ప్రచురించాడు. 1798లో జోసెఫ్ లాంకస్టర్ లండనులో స్థాపించిన బడి ఇదే తీరును పెద్దయెత్తున విస్తరించింది. ఇంగ్లండులో ఇది ‘మద్రాసు పద్ధతి’గా ప్రసిద్ధి పొందింది. బెల్ స్వస్థలమైన సెంట్ ఆండ్రూస్‌లో ఆయన ధనంతో వెలసిన పాఠశాల నేటికీ మద్రాసు కళాశాల అన్న పేరుతోనే ఉంది.

అయితే సముద్రం దాటినది పద్ధతిలో సగమే. బళ్ళారి బడిలో సగటున పన్నెండుమంది పిల్లలు. పెద్ద విద్యార్థి నేర్పుతున్నా గురువు చూపు ప్రతి పిల్లవానిపై ఉండేది. లాంకస్టర్ బడులలో ఒకే ఉపాధ్యాయుని కింద వందలమంది. పారిశ్రామిక నగరాల పేదపిల్లలకు తక్కువ ఖర్చుతో చదువు చెప్పడం అక్కడి అవసరం. పొదుపు ప్రధానమైనచోట పిల్లవాడు పిల్లవానికి నేర్పడం యాంత్రికమైన కవాతుగా మారింది. అర్థబోధ కొరవడుతున్నదన్న విమర్శలు పెరిగి, 1846లో ఇంగ్లండు ప్రభుత్వం శిక్షణతో కూడిన విద్యార్థి-ఉపాధ్యాయ విధానానికి మళ్ళింది. తరగతి పరిమాణం, గురువు పర్యవేక్షణ మారితే ఒకే ఉపాయం భిన్నఫలితాలను ఇస్తుందనడానికి ఈ చరిత్ర నిదర్శనం.

7. ధారణపై ఆధునిక పరిశోధనల వెలుగులో

హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ 1885లో తనపైనే చేసుకున్న ప్రయోగాల ఫలితాలను ప్రకటించాడు. అర్థంలేని అక్షరసముదాయాలను కంఠస్థం చేసి, ఎంతకాలానికి ఎంత మరచిపోతున్నాడో కొలిచాడు. నేర్చిన తొలిగంటల్లోనే మరుపు అధికమని, అభ్యాసాన్ని విడివిడి సమయాలకు పంచితే తక్కువ శ్రమతో ఎక్కువ నిలుస్తుందని తేల్చాడు. అర్థవంతమైన కవితను నేర్వడానికి పట్టిన శ్రమ అర్థంలేని అక్షరాలకు పట్టిన శ్రమలో సుమారు పదవవంతేనని కూడా ఆయన గమనించాడు. 1917లో ఆర్థర్ గేట్స్ పాఠశాల విద్యార్థులపై జరిపిన పరిశోధనలో, చదవడంలోనే కాలమంతా గడిపినవారికంటె అధికకాలం చూడకుండా చెప్పుకున్నవారు ఎక్కువ గుర్తుంచుకున్నారు. 2006లో రోడిగర్, కార్పికె చేసిన ప్రయోగంలో పాఠాన్ని మళ్ళీ చదివినవారు ఐదు నిమిషాల తరువాత మెరుగ్గా చెప్పగలిగినా, వారం తరువాత మాత్రం చూడకుండా గుర్తుచేసుకోవడం అభ్యసించినవారిదే పైచేయి అయింది.

రోజుకు రెండుసార్లు ఎక్కాలు చెప్పించడం అభ్యాసాన్ని పంచడమే. అప్పజెప్పించడం జ్ఞాపకంలోంచి వెలికితీయించడమే. వీధిబడి గురువుకు ఈ సిద్ధాంతాలు తెలుసునని చెప్పడం కాలవిరుద్ధం. అనుభవం నిలబెట్టిన ఆచరణలను తరువాతి కాలపు ప్రయోగాలు వివరించాయనడం మాత్రమే సమంజసం. ఎబ్బింగ్‌హౌస్ పరిశీలన రెండవవైపు కూడా పదునైనదే: అర్థం తెలియని పాఠాన్ని కంఠస్థం చేయడానికి అనేకరెట్లు శ్రమ పడాలి. యతిప్రాసలు, ఛందోగతి ఆ శ్రమను కొంత తగ్గించినా అర్థానికి అవి ప్రత్యామ్నాయం కాలేవు. క్యాంబెల్ చూసిన బాలుని ప్రయాస ఈ కోవకు చెందినదే.

8. భాష అనే వంతెన

1832లో పుదూరు సీతారామశాస్త్రి రచించిన బాలశిక్ష అచ్చులోకి రావడంతో అక్షరాలు, గుణింతాలు, లెక్కలు, నీతివాక్యాలు ఒకే పుస్తకంలోకి చేరాయి. 1854 నాటి వుడ్ విద్యాపత్రం తరువాత ప్రభుత్వ పర్యవేక్షణ, నిర్ణీత పాఠ్యపుస్తకాలు, పరీక్షలు విస్తరించాయి. ఇసుక తొలగింది, తరగతులు వయసుల వారీగా గట్టిపడ్డాయి. అయితే క్యాంబెల్ ఎత్తిచూపిన మూలదోషం తొలగలేదు. అర్థంకాని పద్యం స్థానంలోకి అర్థంకాని గ్రాంథిక వచనం వచ్చింది.

ఈ సమస్యను తరగతి గదినుంచే గుర్తించినవాడు పర్లాకిమిడి ఉపాధ్యాయుడు గిడుగు వెంకట రామమూర్తి. సవరలకు తెలుగులో బోధిస్తే ప్రయోజనం లేదని గ్రహించి ఆయన సవరభాష నేర్చుకున్నాడు. ఆ భాషలో వాచకాలు సిద్ధంచేసి, సొంత ఖర్చుతో వారికి బడులు నడిపాడు. పిల్లవానికి తెలిసిన భాషలో మొదలుపెట్టాలన్న సూత్రం ఆయనకు సవర బడిలో రుజువైంది. 1906-07 ప్రాంతంలో పాఠశాలల తనిఖీ అధికారి జె.ఎ. యేట్స్ తెలుగు పిల్లలు మాట్లాడే భాషకూ పాఠ్యపుస్తక భాషకూ మధ్య ఉన్న అంతరాన్ని ప్రశ్నించినప్పుడు, గిడుగు, గురజాడ అప్పారావు, పి.టి. శ్రీనివాస అయ్యంగార్ ఆ చర్చను ముందుకు తీసుకుపోయారు. సాహిత్యచరిత్రలో వ్యావహారిక భాషోద్యమంగా ప్రసిద్ధమైన ఈ ప్రయత్నం మౌలికంగా ఒక బోధనాసమస్య నుంచి పుట్టింది. 1823లో కలెక్టరు రాసిన ఫిర్యాదుకు తెలుగు ఉపాధ్యాయుడు తరగతి గదిలో వెదకిన సమాధానం ఇది.

9. ఉపసంహారం

ఈ పరిశీలనలో తేలిన అంశాలు ఇవి. మొదటిది, వీధిబడిలో ధారణకు తోడ్పడే ఉపాయాలు బలంగా ఉండేవి: రాస్తూ నేర్వడం, విరామాలతో వల్లించడం, చూడకుండా అప్పజెప్పడం, నేర్చినదాన్ని మరొకరికి నేర్పడం, ప్రగతిని బట్టి పైతరగతికి పోవడం. రెండవది, గుణింతం, డబ్బు లెక్కలు, పత్రపఠనం వంటి అంశాలలో ధారణ అవగాహనకు మెట్టుగా ఉపయోగపడింది; పద్యపఠనంలో ఆ మెట్టు తెగింది. మూడవది, ఏ బోధనోపాయమూ దాని పరిస్థితులనుంచి విడదీస్తే అదే ఫలితాన్ని ఇవ్వదని మద్రాసు పద్ధతి చరిత్ర నిరూపిస్తుంది. నాలుగవది, అవగాహనకు అడ్డుపడినవాటిలో ప్రధానమైనది భాష. దానికి తోడు గురువు పేదరికం, బాలికలను వెలుపల ఉంచిన సామాజిక కట్టుబాట్లు.

కంఠస్థాన్ని పూర్తిగా వదిలివేయాలన్న వాదం, పాత పద్ధతిని యథాతథంగా పునరుద్ధరించాలన్న వాదం రెండూ చరిత్రలో సగాన్నే చూస్తున్నాయి. ఎక్కం నోటికి వచ్చిన బాలుడు అంగడిలో లెక్క కట్టగలిగాడు. పద్యం నోటికి వచ్చిన బాలుడు అర్థం చెప్పలేకపోయాడు. నేటి ఉపాధ్యాయుడు ఈ రెండు దృశ్యాలనూ పక్కపక్కన ఉంచి చూడాలి. విద్యార్థిచేత ఏం అప్పజెప్పించాలన్న ప్రశ్నతో పాటు, అప్పజెప్పినదానితో ఆ విద్యార్థి ఏం చేయగలడన్న ప్రశ్ననూ వేసుకున్నప్పుడే ధారణ, అవగాహన ఒకే బాటలో నడుస్తాయి.